గట్టుమీద బుడిపెలు

కొలను ఎదురు మేడ,
జనవరి, రెండో వారం

అల్లుడూ,

నువ్వు బస్సెక్కి వెళ్ళిపోయాక ఇక్కడ ఎవరూ చావలేదు, ఎవరూ బాగుపడనూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నీ బెంగ సగం తీరుతుంది.

మూతపడ్డ క్లబ్బు వెనక ఎండిపోయిన ఈతకొలనులో మీ మంద రోజూ సాయంత్రం యథాప్రకారం దిగుతోంది. స్కేట్‌బోర్డుల చక్రాల రొద నా కిటికీ ఊచలకు తగిలి గదిలోకొస్తోంది. ఒకప్పుడు ఆ రొద భరించలేక నగరపాలక ఆఫీసుకు ఫిర్యాదు రాసినవాణ్ణి నేను. ఇప్పుడది కాస్త ఆలస్యమైతే చెప్పులు తొడుక్కుని దిగి చూస్తున్నాను. నువ్వు వేయించిన బల్ల దగ్గరే కూర్చుంటున్నాను. బేరింగులు విప్పి కిరసనాయిలులో కడగడం, చక్రాలు బిగించడం నాకే వదిలేశారు. గ్రంథాలయంలో జీవితమంతా కూర్చున్నాను, ఒక్కడైనా దగ్గరికొచ్చి "తాతా, ఇటు చూడండి" అన్న పాపాన పోలేదు. ఇక్కడ పూటకు పదిసార్లంటున్నారు.

ఈ వారం వదంతులు రెండు. ఒకటి మీరంతా గోడ అని పిలిచే కుర్రాడి గురించి. బోర్డెక్కితే ఏదో ఒక గోడను గుద్దితే తప్ప ఆగని ఆ ఎలక్ట్రీషియన్‌ని ఎవరో అమ్మాయి "బోర్డు కావాలా, నేను కావాలా, తేల్చుకో" అందట. వాణ్ణే అడిగాను. "అమ్మాయే లేదు తాతా, మీకు తెలిసినవాళ్ళుంటే చెప్పండి, ఆ ప్రశ్న అడిగించుకుంటాను" అన్నాడు. రెండోది మీరు బొంగరం అనే పిల్ల గురించి. అదే, మందులషాపులో పనిచేసేది. గాల్లో అన్ని చుట్లు తిరిగి కింద పడకపోవడానికి కారణం మోకాలిచిప్ప ప్లాస్టిక్‌ది కావడమేనట. ఆ పిల్ల ఖండించడం లేదు సరికదా, మోకాలు తట్టి చప్పుడు వినిపిస్తోంది.

ఇక అసలు సంగతి. కొత్త చోటు దొరికింది. చోటు సంగతి ఫోనులో రాయకూడదు, ఫొటో తీయకూడదు, బయటివాళ్ళకు చెప్పకూడదు అని నియమం పెట్టినవాడివి నువ్వే కాబట్టి ఇలా ఉత్తరం రాస్తున్నాను. బ్యాంకు వెనక సందులో మోకాలెత్తు సిమెంటు గట్టు. పొడవుగా ఉన్నా, బోర్డును గట్టు అంచుమీదికి ఎగరేసేది మాత్రం ఎడమ చివరి నుంచే. కుడివైపు మురుగునీటి మూత అడ్డం. కొవ్వొత్తి మైనం రాసి అంచును నున్నగా చేశారు. నిన్న బొంగరం దానిమీద ఆ చివర నుంచి ఈ చివరకు జారిపోతుంటే, కాగితంమీద కలం ఆగకుండా నడిచినట్టనిపించింది.

మన అధ్యక్షుడు ఇంకా బతికే ఉన్నాడు. గ్రంథాలయ కమిటీకి అధ్యక్షత వహిస్తూ, నేను ఏరి ఏరి కొన్న పుస్తకాలను నా చేతే తూకానికి వేయించిన ఆ మహానుభావుడు, ఇప్పుడు వాళ్ళ వీధిలో కాలిబాట పక్క నల్లరాతి గట్టుమీద కూర్చుని సాయంత్రాలు జనానికి సంస్కృతి గురించి చెబుతున్నాడట.

జవాబు రాయి. పొట్టిగా రాస్తే ఊరుకోను.

నీ మామయ్య


ఐదో అంతస్తు,
ఫిబ్రవరి, మొదటి వారం

మామయ్యా,

నీ ఉత్తరం బాత్రూములో తలుపేసుకుని చదివాను. బయట చదివితే "ఒక్కడివే ఎందుకు నవ్వుతున్నావు" అని నీ కోడలు ప్రాణం తీస్తుంది. గోడకు నువ్వే ఓ అమ్మాయిని చూసిపెట్టు, పుణ్యముంటుంది.

ఉద్యోగం బాగానే ఉంది. కట్టడాల భద్రత చూసే కంపెనీ అని చెప్పానుగా, అదే. పొద్దస్తమానం కాగితాలమీద గీతలు గీయడం. నా బోర్డు మంచం కింద పడుంది. ఇక్కడ ఎవరితో ఆడను? ఒక్కడినే వీధిలో తిరిగితే మతిలేనివాడనుకుంటారు.

బ్యాంకు గట్టు గురించి రాశావు చూడు, కళ్ళకు కట్టినట్టుంది. ఎప్పుడూ అలాగే రాయి. ఏ వైపు నుంచి ఎక్కుతున్నారు, బోర్డు ఎక్కడ తగులుతోంది, మైనం ఎంతమేర రాశారు, అన్నీ. చదువుతుంటే నేనూ వాళ్ళ వెనకే వస్తున్నట్టుంటుంది. నువ్వు రాసినంత బాగా వాళ్ళలో ఎవరూ చెప్పలేరు. ముఖస్తుతి కాదు మామయ్యా, నిజం.

మోకాళ్ళ నొప్పులకు మందు వాడుతున్నావా? బొంగరాన్నడిగి తెప్పించుకో.

నీ అల్లుడు


కొలను ఎదురు మేడ,
మార్చి, మొదటి వారం

అల్లుడూ,

చెడ్డ కబురు. బ్యాంకు గట్టుమీద బోర్డులు జారకుండా ఇనుప బుడిపెలు మొలిచాయి. గుప్పెడంత ఉన్నాయి ఒక్కొక్కటీ, సిమెంటులోకి బోల్టులతో దింపారు. చూడకుండా బోర్డెక్కిన గోడ ఎగిరి అవతల పడ్డాడు. ఈసారి గుద్దడానికి గోడ కూడా లేదు పాపం. మోచేయి చర్మం లేచిపోయింది.

నేను వెళ్ళి చూశాను. మామూలు కాంట్రాక్టరైతే గట్టు పొడవునా సమానదూరంలో పాతేసి బిల్లు పెట్టుకుంటాడు. ఇతను అలా చేయలేదు. ఎడమ చివర, సరిగ్గా బోర్డు తగిలే మూడడుగుల్లోనే పాతాడు. మిగతాదంతా ఖాళీగా వదిలేశాడు. ఎక్కే చోటు పోతే మిగతా గట్టంతా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే కదా. ఆ ముక్క తెలిసినవాడెవడో చేశాడు. శత్రువే కావచ్చుగానీ చదువుకున్న శత్రువు. మా కమిటీలో అలాంటివాడు ఒక్కడున్నా నా పుస్తకాలు దక్కేవి.

పిల్లలు నీరుగారిపోలేదు. వారం తిరక్కుండా ఇంకో చోటు పట్టారు. మూసేసిన సినిమాహాలు వెనక మెట్లు. పక్కన వాలుగా ఉండే రాతి అంచుమీద జారుతున్నారు. ఇక్కడ ఎక్కడం కుడివైపు నుంచి, పైనుంచి రెండో మెట్టు దగ్గర. కనిపెట్టింది బొంగరం కాబట్టి మొదటి వంతు ఆ పిల్లదే. కనిపెట్టినవాళ్ళు జారేదాకా మిగతావాళ్ళు బోర్డు నేలమీద పెట్టకూడదన్న మీ పద్ధతి నాకు నచ్చుతుంది. పుస్తకాలు రాసేవాళ్ళకు ఆపాటి మర్యాద లేదు.

నన్ను కూడా తీసుకెళ్ళారు. నా కోసం మడతకుర్చీ మోసుకొచ్చారు. నమ్ముతావా?

నీ మామయ్య


ఐదో అంతస్తు,
మార్చి చివర

మామయ్యా,

బుడిపెల సంగతి విని బాధేసింది. ఎక్కడైనా ఇలాగే జరుగుతోందిలే. గోడ చేయి ఎలా ఉంది?

అవి ఎవరు పెట్టారో, ఎలా పెట్టారో ఆరాలు తీస్తూ తిరగకు. ఈ వయసులో నీకెందుకా గొడవ? ఎండలో అన్ని వీధులు తిరగొద్దు కూడా.

ఇక్కడ నాకు కొత్త కుర్చీ ఇచ్చారు, చేతులానించుకునేది. పైవాళ్ళకు నా పని నచ్చిందట. నీ కోడలికి నాలుగో నెల. నీకే ముందు చెబుతున్నాను. అమ్మకు కూడా ఇంకా చెప్పలేదు.

సినిమాహాలు మెట్లు బాగున్నాయి. నాకూ మడతకుర్చీ ఉంటే బాగుండు.

నీ అల్లుడు


కొలను ఎదురు మేడ,
మే, రెండో వారం

అల్లుడూ,

బిడ్డ కబురుకు సంతోషించాను. ఆ సంతోషంమీదే ఈ ఉత్తరమంతా నడిపిద్దామనుకున్నాను, కుదరడం లేదు.

సినిమాహాలు మెట్లకు బుడిపెలు పడ్డాయి. పైనుంచి రెండో మెట్టు దగ్గర, కుడివైపు. ఇంకెక్కడా లేవు. ఆ తర్వాత నేను నీకు రాసిన నీళ్ళట్యాంకు పక్క గట్టుకూ పడ్డాయి. ఏ చోటూ నెలరోజులు నిలవడం లేదు.

ఇప్పుడు కొలనులో కొత్త వదంతి. చోట్లు బయటపెడుతున్నది లైబ్రరీ తాత అని.

ముందు నాకు తెలియలేదు. నేను వెళ్ళగానే మాటలాగిపోయేవి. వయసులోవాళ్ళు, ఏవో గుసగుసలుంటాయి కదా అని సర్దుకున్నాను. మొన్న బల్ల దగ్గరికెళితే స్పానర్లు లేవు, కిరసనాయిలు డబ్బా లేదు. గోడ తలెత్తకుండా చెప్పాడు. "మేమే చూసుకుంటాం తాతా. మీకెందుకు శ్రమ."

"శ్రమ సంగతి నేనడిగానా?" అన్నాను.

అప్పుడు బొంగరం మొహమాటం లేకుండా అడిగేసింది. "తాతా, ఒకప్పుడు మా మీద ఫిర్యాదు రాసింది మీరేనా కాదా?"

"రాశాను. అప్పుడు మీరెవరో నాకు తెలీదు."

"ఇప్పుడు తెలుసుగా. ఇప్పుడు రాస్తున్నారా?"

"లేదే పిచ్చిపిల్లా, ఎవరికి రాస్తాను?" అన్నాను. ఆ పిల్ల బోర్డు తీసుకుని కొలనులోకి దిగిపోయింది. మోకాలు తట్టలేదు. నవ్వలేదు.

అల్లుడూ, నాకు ఇంకెక్కడా కూర్చునే చోటు లేదు. గ్రంథాలయం మెట్లు ఎక్కనని ఒట్టేసుకున్నాను. తోటివాళ్ళలో సగం పోయారు, మిగిలిన సగం జబ్బులు తప్ప మాట్లాడరు. నాకు మిగిలింది ఆ బల్ల ఒక్కటే. నిన్ను వాళ్ళు కెప్టెన్ అంటారు, నీ మాట వాళ్ళకు వేదం. వాళ్ళకు ఒక్క ముక్క రాయి. "మామయ్య అలాంటివాడు కాదు, నేను హామీ" అని రాస్తే చాలు. నీ తొమ్మిదో ఏట మీ అమ్మ నిన్ను నా దగ్గర వదిలిన నాటి నుంచి నిన్ను నేనేమీ అడగలేదు. ఇదొక్కటి అడుగుతున్నాను.

నీ మామయ్య


ఐదో అంతస్తు,
జూన్, మొదటి వారం

మామయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు అలాంటివాడివి కాదని నాకు తెలియదా? నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

కానీ ఇప్పుడు నేను రాస్తే బాగుండదు. సొంత మేనమామను వెనకేసుకొస్తున్నాడంటారు. అనుమానం ఇంకా పెరుగుతుంది. నాలుగురోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు. చిన్నవాళ్ళు కదా, ఏదీ పట్టుకుని వేలాడరు. కొన్నాళ్ళు నువ్వు అటు వెళ్ళకుండా ఇంట్లో చదువుకో. చదవాల్సినవి ఎన్నో ఉన్నాయని ఎప్పుడూ అంటుంటావుగా.

తను బాగుంది. పుల్లటివి చూస్తే ప్రాణం లేచివస్తోంది.

అన్నట్టు, ఇప్పుడు వాళ్ళు ఎక్కడ తిరుగుతున్నారు? నీ చెవిన పడే ఉంటుంది. ఏ వైపు నుంచి ఎక్కుతున్నారో కూడా రాయి. నాకు కాలక్షేపం ఇంకేముంది.

నీ అల్లుడు


కొలను ఎదురు మేడ,
జూన్ చివర

అల్లుడూ,

నువ్వు చెప్పినట్టే అటు వెళ్ళడం తగ్గించాను. అయినా కబుర్లు ఆగుతాయా? కిటికీలోంచి అన్నీ వినిపిస్తాయి.

ఈసారి పట్టిన చోటు అన్నిటికంటే గొప్పది. అధ్యక్షుడి వీధిలో కాలిబాట పక్క నల్లరాతి గట్టు. మధ్యలో మనిషి కూర్చునేంతమేర అరిగి అద్దంలా ఉంటుంది. ఎక్కేది అక్కడి నుంచే. చివర్లు ఎవరికీ పనికిరావు. పొద్దున్నే జనం లేవకముందు వెళుతున్నారట. గోడ కూడా పడకుండా జారాడంటే ఆ రాయి నునుపు నువ్వే ఊహించుకో.

కోడల్ని జాగ్రత్తగా చూసుకో.

మామయ్య


కొలను ఎదురు మేడ,
జూలై, మూడో వారం

అల్లుడూ,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. ఆగాల్సిన అవసరం లేకపోయింది.

నిన్న సాయంత్రం అధ్యక్షుడి వీధి గుండా వెళ్ళాను. నల్లరాతి గట్టు మధ్యలో, మనిషి కూర్చునేంతమేర, కొత్త ఇనుప బుడిపెలు మెరుస్తున్నాయి. చివర్లు రెండూ ఖాళీ. అధ్యక్షుడు దాని ముందు చేతికర్ర పట్టుకుని నిలబడి నగరపాలకవాళ్ళను తిడుతున్నాడు. "నేను కూర్చునే చోటే దొరికిందా వీళ్ళకు! ఎవడా వెధవ?" అని. నన్ను చూసి, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి పలకరించాడు. "చూశారా మాస్టారూ, ఈ అన్యాయం?"

"చూశాను. చదువుకున్నవాళ్ళ పని," అన్నాను.

మామూలుగా అయితే ఆ దృశ్యానికి వారంరోజులు నవ్వుకునేవాణ్ణి. నవ్వు రాలేదు.

ఎందుకంటే, అల్లుడూ, ఆ గట్టుమీద మన పిల్లలెవరూ ఎప్పుడూ బోర్డు పెట్టలేదు. ఆ వీధిలో అడుగే పెట్టలేదు. అది నేను అల్లిన కథ. ప్రపంచంలో ఒక్కడికే రాశాను.

అనుమానం ఎప్పుడొచ్చిందని అడుగుతావా? ఏ వైపు నుంచి ఎక్కుతున్నారని మళ్ళీ మళ్ళీ అడిగావే, అప్పుడు కాదు. అది నీ బెంగ అనుకుని మురిసిపోయాను. హామీగా ఒక్క ముక్క రాయమంటే తప్పించుకున్నావు చూడు, అప్పుడొచ్చింది. నా మీద ప్రేమ ఉన్నవాడు రాస్తాడు, లేనివాడు కూడా మర్యాదకు రాస్తాడు. రాయలేనివాడు ఒక్కడే ఉంటాడు.

బ్యాంకు గట్టు చూసి శత్రువైనా చదువుకున్నవాడని మెచ్చుకున్నాను. వాణ్ణి చదివించింది నేనేనని అప్పుడు తట్టలేదు.

కట్టడాల భద్రత అన్నావు. చేతులానించుకునే కుర్చీ అన్నావు. ఆ కుర్చీ నా ఉత్తరాలమీదే నిలబడి ఉందా? నోరు విప్పి చెప్పు.

మామయ్య


ఐదో అంతస్తు,
ఆగస్టు, మొదటి వారం

మామయ్యా,

కోపంలో ఉన్నావు. అయినా చదువు.

అవును, బుడిపెలు మా కంపెనీవే. మన ఊరి నగరపాలక పని మాకు రావడానికి కారణం నేనే. బోర్డు తెలిసినవాడు ఇంకెవరూ లేరు కాబట్టి ఎక్కడ పెట్టాలో నిర్ణయించే పని నాకిచ్చారు. నేను లేకపోతే ప్రతి గట్టుకూ, ప్రతి మెట్టుకూ పొడవునా పాతేవాళ్ళు. జనం కూర్చునే చోటు మిగిలేది కాదు. మూడడుగులతో సరిపెట్టించింది నేను. నువ్వే మెచ్చుకున్నావు.

నిన్ను నేను బలవంతం చేయలేదు. మొదటి ఉత్తరంలోనే అడక్కుండా బ్యాంకు గట్టు గురించి రాశావు, ఏ వైపు ఎక్కుతారో కూడా. రాయడం నీకిష్టం, చదవడం నాకిష్టం. అందులో ఒక్క అబద్ధం లేదు. నేను అబద్ధం చెప్పలేదు, నువ్వడగలేదు, అంతే.

వాళ్ళకింకా చిన్నతనం. నేను కూడా ఇరవై ఏళ్ళప్పుడు ప్రపంచమంతా గట్టు అంచేననుకున్నాను. ఇంటద్దె కట్టాల్సి వచ్చినప్పుడు వాళ్ళకూ అర్థమవుతుంది.

ఒక్కటే అడుగుతాను. వాళ్ళకు చెప్పకు. కొలనులో మొదటిరోజు చెత్త ఎత్తిపోసింది మేం ముగ్గురమే, నేను, గోడ, బొంగరం. చేతులు బొబ్బలెక్కాయి. బిడ్డ పుట్టాక తీసుకొచ్చి చూపిస్తానని వాళ్ళకు మాటిచ్చాను. నేను వాళ్ళ ముఖం చూడలేనంత పని చేయకు. నీమీద ఎటూ అనుమానం పడనే పడింది. కొన్నాళ్ళు భరిస్తే అదే పోతుంది.

నీ అల్లుడు


కొలను ఎదురు మేడ,
ఆగస్టు, మూడో వారం

అల్లుడూ,

చెప్పాను.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే దిగి వెళ్ళాను. కొలను అంచున అందరూ కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే మాటలాగిపోయాయి, అది అలవాటైపోయింది. "మీ చోట్లు బయటపెట్టింది నేనే," అన్నాను.

"తెలుసు తాతా," అన్నాడు గోడ. ఎంత మామూలుగా అన్నాడంటే, టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు.

"సగమే తెలుసు. రాసింది నేను. చదివి బుడిపెలు గీసింది మీ కెప్టెన్."

గోడ లేచి నిలబడ్డాడు. వాడి ఎత్తు నీకు తెలుసు. "అన్నను అంటే ఊరుకోను. మీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి సొంత మేనల్లుడి మీదికి తోస్తారా? సిగ్గులేదూ?" అని అరిచాడు. అరిచి అరిచి వాడే కూర్చున్నాడు. మోచేయి మచ్చ గోక్కుంటూ ఉండిపోయాడు. కాసేపటికి, "రెండో మెట్టు దగ్గర పాతితే చాలని బోర్డెక్కినవాడికి తప్ప ఎవరికి తెలుసు" అని తనలో తాను గొణుక్కున్నాడు. ఆ తర్వాత ముఖం మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు. అంత మనిషి ఏడిస్తే చూడటం కష్టం.

బొంగరం ఏడవలేదు. నన్ను ప్రశ్నలడిగింది.

"ఎక్కేది ఏ వైపో అన్న అడిగాడా, మీరే రాశారా?"

"తర్వాతివి వాడు అడిగాడు. మొదటిది నేనే రాశాను."

"బయటివాళ్ళకు చెప్పకూడదని మీకు తెలుసుగా?"

"వాడు బయటివాడని తెలియదు."

ఆ పిల్ల నన్ను కొట్టినా బాగుండేది. "మాకూ తెలియదు," అంది. తర్వాత లేచి, ఎక్కడో దాచిన స్పానర్లు, కిరసనాయిలు డబ్బా తెచ్చి బల్లమీద పెట్టింది. "కూర్చోండి తాతా. మీలా బేరింగులు ఎవరూ కడగడం లేదు, అన్నీ కిర్రుమంటున్నాయి. కానీ మేం ఎక్కడికి వెళుతున్నామో ఇక అడగొద్దు. మేం చెప్పం. మీరు చెబుతారని కాదు. ఇంక ఎవరికీ చెప్పం, అంతే."

నువ్వు రాసినదాంట్లో ఒక మాట నిజం. మొదటి ఉత్తరం నువ్వు అడక్కుండానే రాశాను. చదవడానికి నాకున్న మనిషివి నువ్వొక్కడివే అనుకున్నాను. నేను ప్రేమించిన పుస్తకాలు నా చేతే తూకానికి వేయించినవాణ్ణి ఇన్నేళ్ళు తిట్టుకున్నాను. వాడు కనీసం నా ఎదుట నిలబడి వేయించాడు.

బల్ల దొరికింది నాకు. పని దొరికింది. మాటలు దొరకలేదు. గోడకు అమ్మాయి కుదిరిందో లేదో నాకు తెలియదు. నేను కూర్చున్నంతసేపూ వాళ్ళు ఎండ గురించి మాట్లాడుకుంటారు, నేనూ ఎండ గురించే మాట్లాడతాను.

బిడ్డను తీసుకొచ్చి చూపిస్తే ఏమవుతుందో నేను చెప్పలేను. నువ్వే వచ్చి తెలుసుకో.

నిన్న వాళ్ళందరూ బోర్డులు చంకన పెట్టుకుని బయల్దేరారు. గేటు దాటాక ఏ వైపు తిరుగుతారో నా బల్ల దగ్గరి నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. నేను చక్రం విప్పుతూ తల వంచుకున్నాను. చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఎత్తలేదు.

ఇట్లు,
మీ అమ్మ తమ్ముడు